ఓవర్‌ఛార్జ్ అయిన లైపో ప్యాక్ ఏం చేయాలి

బెంగళూరు ఆర్‌సీ (రిమోట్ మోడళ్ల) మిత్రులకు, మామూలు లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ)లో సెల్ 4.20 వోల్టులు దాటిందంటే ఛార్జింగ్ వెంటనే ఆపండి. చాలావరకు ఛార్జర్ నికెల్ బ్యాటరీల మోడ్‌లో ఉండిపోవడమో, సెల్స్ సంఖ్య తప్పుగా పెట్టడమో కారణం.

పొగ వస్తుంటే ముట్టుకోవద్దు, పీల్చొద్దు. బయటికొచ్చి 112కి ఫోన్ చేయండి. పొగ లేకపోతే గ్లోవ్స్‌తో ఇసుక బకెట్‌లోకి, ఆరుబయటికి. బేస్‌మెంట్‌లో పెట్రోలు బండ్ల పక్కన మాత్రం పెట్టకండి, దయచేసి! అరగంటైనా దూరం నుంచే గమనించండి.

చల్లారాక అక్కడే ఛార్జ్ దించండి. 3ఎస్‌కి (మూడు సెల్స్ వరుసగా ఉన్న ప్యాక్) జేసీ రోడ్డులో దొరికే 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు చాలు. 4.3 వోల్టులు దాటిన సెల్ ఉబ్బకపోయినా మళ్లీ వాడొద్దు: ఆనోడ్ (సెల్ లోపలి రుణ పలక) మీద లోహపు లిథియం పేరుకుని, తర్వాత లోపలే షార్ట్ కావచ్చు. అలాంటిదాన్ని పూర్తిగా దించి, తీగలకు టేపు చుట్టి ఈ-వేస్ట్‌కి ఇవ్వండి. ప్యాక్‌ను ఉప్పునీళ్లలో ముంచి ఛార్జ్ దించే చిట్కా నమ్మకండి. ట్యాబ్‌లు (సెల్ నుంచి బయటికొచ్చే లోహపు పట్టీలు) తుప్పుపట్టి తెగితే ఛార్జ్ లోపలే ఉండిపోతుంది.