పాత కలర్ టీవీ ఖాళీ పెట్టె కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక గృహాలంకరణ పేజీలో, షట్టర్లున్న పాత చెక్క టీవీ పెట్టెలను చేపల తొట్టెగానో పుస్తకాల అరగానో మార్చుకోవడం ఎలాగో చూపిస్తూ వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ‘లోపలి సామానంతా తీసేసిన తర్వాత’ అని ఆ వ్యాసం నాలుగు మాటల్లో తేల్చేసిన పనిలోనే అసలు సంగతంతా ఉంది. ఆ సామాను పాడైపోయిందని ఎవరు పరీక్షించి చెప్పారు? పరీక్షించకుండానే తీసేస్తే పోయేదేమిటో పాఠకులకు తెలియాలి.

మన దేశంలో దూరదర్శన్ రంగుల ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. ఆ ఏడాది నవంబరులో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలను రంగుల్లో చూడాలనే కోరికే ఎన్నో ఇళ్లకు కలర్ టీవీని తెచ్చింది. హైదరాబాద్ కేంద్రం 1977 నుంచే పనిచేస్తున్నందువల్ల ఇక్కడ మాకు బొమ్మకు కొదవ లేదు, రంగుకే కొదవ. మా నాన్నగారు 1984లో ప్రావిడెంట్ ఫండ్ మీద అప్పు తీసి 20 అంగుళాల కలర్ సెట్టు కొన్నారు. నాలుగు కాళ్ల మీద నేలపై నిలబడే టేకు చెక్క పెట్టె, రెండు వైపుల నుంచీ జరిగి మధ్యలో కలిసే షట్టర్, దానికో చిన్న తాళం. ఆ తాళంచెవి చాలా ఏళ్లు మా అమ్మగారి కొంగున ఉండేది.

పాతికేళ్లకు పైగా సామాన్ల గదిలో పడి ఉన్న ఆ సెట్టును మూడేళ్ల కిందట ఒక రిపేరు దుకాణానికి పంపాను. అది నా తప్పు. వాళ్లు దుమ్మయినా దులపకుండా నేరుగా కరెంటుకు కలిపారు. ఫట్‌మని పేలిన శబ్దం, పొగ, ఆ తర్వాత ‘పిక్చర్ ట్యూబు పోయింది, స్క్రాపుకు ఇచ్చేయండి’ అనే తీర్పు. ముప్ఫై ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ని కనుక ఆ తీర్పును నమ్మలేక సెట్టును ఇంటికి తెచ్చుకున్నాను. డెబ్బై ఏళ్లు దాటిన ఒక టీవీ మెకానిక్ గారిని బతిమాలి పిలిపించి, ఇద్దరం కలిసి ఎనిమిది నెలలు దాని మీద కూర్చున్నాం.

ఆయన మొదట వెనుక అట్ట విప్పించి, ఎండిన బల్లి గుడ్లను, సాలెగూళ్లను మెత్తని బ్రష్షుతో ఊడ్పించారు. స్విచ్చి వేయగానే తెర అయస్కాంతత్వాన్ని పోగొట్టడానికి ఎక్కువ కరెంటు లాగే డీగాసింగ్ కాయిల్ కనెక్టరును విడదీసి, మెయిన్ లైనుకు నూరు వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టి అప్పుడు స్విచ్చి వేశారు. లోపల షార్టు లేకపోతే ఆ బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారుతుంది, ఉంటే నిండుగా వెలుగుతూనే ఉంటుంది. మా బల్బు నిండుగా వెలిగింది. దుకాణంలో పేలింది కరెంటు ఒడిదుడుకులను చదునుచేసే మెయిన్ ఫిల్టర్ కండెన్సర్ అనీ, తెర మీద అడ్డగీతలను నడిపే లైన్ అవుట్‌పుట్ భాగంలోని బీయూ208 ట్రాన్సిస్టర్ కూడా షార్టయిందనీ తేలింది. ఏళ్ల తరబడి కరెంటు తగలని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో రసాయనం ఎండి, లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది. అటువంటి దానికి ఒక్కసారిగా మూడు వందల వోల్టులు అందితే పేలక ఏం చేస్తుంది? మొదటి నాడే బల్బు పెట్టి చూసి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

పిక్చర్ ట్యూబు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రెండూ మార్చాక కూడా సెట్టు పది నిమిషాలు పనిచేసి ఆగిపోతుండటంతో, భాగాలన్నీ బిగించి ఉండే చాసిస్‌ను తిరగేసి భూతద్దంతో ఒక్కో భాగం తీగ కాలునూ చూశాం. ఆ బీయూ208ను నడిపించే లైన్ డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలి చుట్టూ, మెరిసే సోల్డరు మధ్యలో, వెంట్రుకంత సన్నని నల్లటి వలయం కనిపించింది. మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దీన్నే. వేడెక్కడం, చల్లారడం ఏళ్ల తరబడి సాగితే సోల్డరు అలా పగులుతుంది. పాత సోల్డరు తీసి కొత్తది వేయడానికి రెండు నిమిషాలు పట్టింది, దాన్ని వెతకడానికి రెండు వారాలు పట్టింది.

బొమ్మ వచ్చిన తొలి సాయంత్రం తెర మీద ముఖాలన్నీ పాచిపట్టినట్టు ఆకుపచ్చగా ఉన్నాయి. ట్యూబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్కటిగా ఉండే మూడు ఎలక్ట్రాన్ గన్నుల్లో ఎరుపు గన్ను నీరసించింది. ఇటువంటప్పుడు కొందరు రిజువనేటర్ అనే పరికరం పెట్టి ఎక్కువ కరెంటు పంపి గన్నును లేపాలని చూస్తారు, దానితో ట్యూబు శాశ్వతంగా పోవచ్చు. ఆయన ఒప్పుకోలేదు. పదిహేను రోజులపాటు రోజుకు మూడు గంటలు సెట్టును ఊరికే వెలగనిచ్చాం. ఎరుపు క్రమంగా తేరుకున్నాక, మిగిలిన కాస్త తేడాను లోపలి ప్రీసెట్లు అనే చిన్న తిప్పుడు మీటలతో సరిచేశారు. ట్యూబు మెడ మీద పెయింటుతో బిగించి ఉండే అయస్కాంత రింగుల జోలికి, ఎలక్ట్రాన్ కిరణాలను తెరంతా తిప్పే యోకు అనే తీగచుట్ట జోలికి నన్ను వెళ్లనివ్వలేదు. ఫ్యాక్టరీలో కుదిర్చిన వాటిని ఒకసారి కదిలిస్తే మళ్లీ కుదర్చడం గగనమని ఆయన అనుభవం.

పెట్టె విషయంలో నేనే పట్టుబట్టాను. వడ్రంగి సాండ్‌పేపరు కొట్టి మైకా అతికిస్తానన్నాడు. పైన ఉన్న టేకు పొర మందపాటి కాగితమంతే ఉంటుంది, రెండు రుద్దుళ్లకు కింది ప్లైవుడ్ బయటపడుతుంది. అందుకని మురికి మాత్రం తుడిపించి, స్పిరిట్‌లో కరిగించిన లక్కను పలచగా పూయించాను. షట్టర్‌లోని సన్నని చెక్క పట్టీలు వెనుక ఒక గుడ్డకు అతికించి ఉంటాయి. ఆ గుడ్డ చీకిపోవడంతో పట్టీలన్నీ విడదీసి, వరస తప్పకుండా పెన్సిలుతో అంకెలు వేసుకుని, కొత్త కాన్వాసు మీద మళ్లీ అతికించాం. దూరదర్శన్ తన భూతల అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపుగా మూసేసినందువల్ల యాంటెన్నాతో ఇప్పుడేమీ రాదు. సెట్‌టాప్ బాక్సు సిగ్నల్‌ను పాత యాంటెన్నా సిగ్నల్‌లా మార్చే చిన్న ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ ద్వారా, చానెల్ పట్టే పాత ట్యూనర్‌కు ఇస్తున్నాం.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని హిలియార్డ్‌లో తొలితరం టీవీల కోసమే ఒక మ్యూజియం ఉంది. ఆర్‌సీఏ సంస్థ 1954లో వెయ్యి డాలర్లకు అమ్మిన సీటీ-100 వంటి కలర్ సెట్లను అక్కడి ఔత్సాహికులు పని చేసే స్థితికి తెస్తున్నారు. మన గడ్డకు ఇటువంటి చరిత్ర లేదా? 1975–76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు పాఠాలు చూపిన సైట్ ప్రయోగం అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లోనూ జరిగింది, దానికి టీవీ సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. ఆ తరం సెట్లు, వాటి సర్క్యూట్లు, వాటిని బాగుచేసిన చేతులు ఇంకా మన మధ్య ఉండగానే ప్రతి పాలిటెక్నిక్, ఐటీఐ కనీసం ఒక్క పాత సెట్టునైనా తీసుకుని, ఈ వృద్ధ మెకానిక్కులను గౌరవ వేతనంతో పిలిచి విద్యార్థుల ముందు దాన్ని బాగుచేయించాలని రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యా శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ప్రమాదం సంగతి కూడా చెప్పక తప్పదు. స్విచ్చి తీసేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల చార్జి చాలాసేపు నిలిచి ఉంటుంది. పైగా లోపల శూన్యం ఉన్నందువల్ల ట్యూబుకు గట్టి దెబ్బ తగిలితే గాజు ముక్కలు ఎగిరిపడే ప్రమాదం ఉంది. ఆ గాజులో సీసం ఉంటుంది కనుక చెత్తకుప్పలో వేయకూడదు. ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని తీయదగిన సామాను కాదది. మీ వ్యాసానికి సవరణగా కనీసం ఈ హెచ్చరికనైనా ప్రచురించాలని మనవి.

ఇక, పెట్టెను ఖాళీ చేయించాలనే నిర్ణయానికి వచ్చేసిన పాఠకులకు ఒక విన్నపం. చాలా సెట్లలో వెనుక అట్ట లోపలి వైపు సర్క్యూట్ కాగితం అతికించి ఉంటుంది. తెలిసిన మెకానిక్ చేత అట్ట విప్పించి ఆ కాగితాన్ని స్పష్టంగా ఫొటో తీసి దాచండి. మా సెట్టులో అది సగం ఎలుకలు కొట్టేశాయి. ఆ మిగతా సగం కోసం నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
సికింద్రాబాద్