ఈగను తేనెటీగ అన్నారు, నూబియాను ఈజిప్టు అన్నారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. గత నెల మీ వెబ్‌సైట్‌లో 'ప్రాచీన నూబియా జంతు తాయెత్తులు' అనే నకళ్ల సెట్టు 2,350 రూపాయలకు కొన్నాను. నేను హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ప్రాచీన ఆఫ్రికా అనగానే మా పిల్లలు ఈజిప్టు పిరమిడ్లు అంటారు. దానికి దక్షిణాన, ఇప్పటి సూడాన్‌లో, నూబియా అనే ఇంకో గొప్ప నాగరికత వెలిగిందని వస్తువు చేతికిచ్చి చెప్పాలని నా కోరిక.

పార్సిల్ విప్పగానే ప్రాణం ఉసూరుమంది. ఈగ బిళ్లతో వచ్చిన కార్డు మీద 'ఈజిప్టు తేనెటీగ, డబ్బు కలిసొస్తుంది' అని ఉంది. అది తేనెటీగ కాదండీ, ఈగ. ఈజిప్టుది కాదు, నూబియాలోని ప్రాచీన నగరం కెర్మాది. 1913–1916 మధ్య పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ రైస్నర్ అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు యోధుల సమాధుల్లో బాకులతో పాటు దంతపు ఈగలు, కంచు ఈగలు బయటపడ్డాయి. సుమారు 3,600 ఏళ్ల కిందటివి. ఎంత తోలినా మళ్లీ వచ్చి వాలుతుంది కదా ఈగ! శత్రువును అలా వదలకుండా పోరాడేవాడికి అది గుర్తు అని పండితులు అంటారు. ఈజిప్టు రాణి అహ్‌హోతెప్‌తో పాటు దొరికిన మూడు బంగారు ఈగలే లోకానికి ఎక్కువ తెలుసు. కానీ ఆ ఆచారం నూబియా నుంచే ఈజిప్టుకు వెళ్లి ఉంటుందని చెప్పే పరిశోధకులున్నారు. మీ కార్డు చదివిన పిల్లవాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

రెండోది పొట్టేలు తల. దానికి 'మేక' అని పేరు పెట్టారు. నూబియాలోని జెబెల్ బర్కల్ కొండ దగ్గర కొలిచిన అమున్ దేవుడికి పొట్టేలు రూపం ఉండేది. తహార్కా (క్రీ.పూ. 690–664) వంటి, నూబియాను ఏలిన కుష్ రాజులు ఆ తలను బిళ్లగా మెడలో వేసుకునేవారు. పైగా నాకు వచ్చిన దానికి ఒక కొమ్ము విరిగిపోయింది. ప్యాకింగ్‌లో ఒక్క పొర కాగితం తప్ప ఏమీ లేదు.

మీ చాట్‌లో అడిగితే 'డిజైన్ నచ్చకపోతే రిటర్న్ పెట్టండి' అన్నారు. డిజైన్ నాకు చాలా నచ్చింది. ఈగ రెక్కలు చెక్కినవారికి నా నమస్కారం చెప్పండి. నా బాధంతా ఆ కార్డు గురించే.

దయచేసి విరిగిన బిళ్ల మార్చి పంపండి. నూబియా చరిత్ర తెలిసినవారికి చూపించి కార్డు మళ్లీ ముద్రించండి, వెబ్‌సైట్‌లోనూ సరిచేయండి. ఈ సెట్టు ఇప్పటికే కొన్నవాళ్లకు కూడా కొత్త కార్డు పంపండి. ఆ పాఠం వచ్చే నెల 10న చెబుతున్నాను, ఈలోగా జవాబివ్వగలరు.

ఇట్లు,
మీ కస్టమర్, ఒక సోషల్ టీచర్

జత: విరిగిన బిళ్ల, రెండు కార్డుల ఫోటోలు, బిల్లు