రీసెట్ నొక్కితే పోయే జబ్బు కాదు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే మా మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో మోటారు వేగాన్ని నియంత్రించే వీఎఫ్‌డీ డ్రైవులు తరచూ ట్రిప్ అవుతుంటాయి. తెర మీద వచ్చిన కోడ్ ఏమిటో చూడకుండానే రీసెట్ నొక్కేయడం, నాలుగుసార్లు నొక్కినా తిరగకపోతే డ్రైవే పాడైందని తేల్చేయడం ఇక్కడ అలవాటైపోయింది.

ఈ మధ్య ఒక మిల్లులో బ్లోయర్ డ్రైవ్ రోజూ తెల్లవారుజామున ఎర్త్ ఫాల్ట్ (కరెంటు భూమిలోకి లీకవుతోందన్న హెచ్చరిక) చూపి ఆగిపోయేది, ఎండెక్కాక మామూలుగా తిరిగేది. ఆపరేటరు ఐదు రోజులు రీసెట్‌తోనే నెట్టుకొచ్చాడు. ఆరో రోజు లోపల కరెంటును వేగంగా కలిపి తెంచే స్విచ్‌లు, అంటే ఐజీబీటీలు, పేలిపోయాయి. కొత్త డ్రైవ్ బిగిస్తే మర్నాడు తెల్లవారేసరికి అదీ అదే కోడ్ చూపింది. అప్పుడు నాకు కబురొచ్చింది. డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌ను రెండు చివరలా విప్పి, ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్‌ను పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తే మోటారు వైండింగ్ బాగానే ఉంది, కేబుల్‌లో ఒక ఫేజు మాత్రం ఎర్త్‌కు తగులుతోంది. కేబుల్ వేసిన కాలువ మీది పలక ఎత్తితే, ఎలుకలు కొరికి రాగి బయటపడ్డ చోట తడి తవుడు ముద్దగా అంటుకుని ఉంది. రాత్రి చెమ్మకు తగిలి, పగటి వేడికి ఆరుతున్న ఆ నాలుగు వేళ్ల మేర కేబుల్ కోసం ఒక డ్రైవ్ బలైంది.

డ్రైవ్‌కు కేబుల్ కలిపి ఉండగా మెగ్గర్ పెడితే మంచి డ్రైవ్ కూడా పోతుందన్న సంగతి అనుభవం ఉన్నవాళ్లే మరిచిపోతున్నారు. అంతకన్నా భయపెట్టేది, మెయిన్ ఆపీ ఆపగానే మూత తీసి చేయి పెట్టేయడం. 415 వోల్టుల సరఫరా లోపల డీసీగా మారి సుమారు 580 వోల్టులై కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. మూత మీద రాసినన్ని నిమిషాలు ఆగి, ఆపైన మీటరు పెట్టి చూసుకున్నాకే ముట్టుకోవాలి.

నా మటుకు కోడ్ ఎంత ముఖ్యమో, అది ఏ క్షణంలో వచ్చిందన్నదీ అంతే ముఖ్యం. బరువైన ఫ్యాన్‌ను ఆపేటప్పుడు ఓవర్ వోల్టేజి వచ్చిందంటే, తిరుగుతున్న చక్రం మోటారును జనరేటరుగా మార్చి కరెంటును డ్రైవ్‌లోకి తిప్పికొడుతోందన్నమాట. ఆగే సమయాన్ని కొన్ని సెకన్లు పెంచితే చాలాసార్లు సరిపోతుంది, లేదంటే ఆ కరెంటును వేడిగా మార్చేసే బ్రేకింగ్ రెసిస్టర్ పెట్టాలి. మధ్యాహ్నం వేడెక్కి ఆగితే ముందుగా చూడాల్సింది ఊక దుమ్ముతో మూసుకుపోయిన కూలింగ్ ఫ్యాన్‌నే.

డ్రైవులతో వచ్చే మాన్యువళ్లు ఇంగ్లిషులో, యజమాని బీరువాలో ఉంటాయి. ప్రధాన కోడ్‌ల అర్థం, మూత తీసే ముందు ఆగాల్సిన సమయం తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేసి, ప్యానెల్ తలుపు లోపల అంటించి ఇవ్వాలని సరఫరాదారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పక్కనే, ట్రిప్ అయిన తేదీ, వేళ, కోడ్ రాసుకునే నోటుపుస్తకమొకటి మిల్లు యజమానులు వేలాడదీయాలి.

— ఒక రైస్‌మిల్లు ఎలక్ట్రీషియన్, మిర్యాలగూడ