పురుగు మార్చి నెలాఖరు దాకా ఆగదు

సంపాదకులకు,

మిరపలో మామూలు తామర పురుగు ఆకుల్ని పట్టి రసం పీలుస్తుంది, ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. 2021 చివర్లో ఖమ్మం, వరంగల్, గుంటూరు తోటల్ని ముంచింది అది కాదు. పూలలోనే గుంపుగా దూరి పూత రాల్చేసిన నల్ల తామర పురుగు, త్రిప్స్ పార్విస్పైనస్. బెంగళూరులో బొప్పాయి మీద ఇది కనిపించిందన్న సంగతి 2015లోనే అచ్చయింది. అంటే ఆరేళ్ల వ్యవధి దొరికింది. ఇలాంటి పురుగును ముందే పసిగట్టాలంటే వారానికోసారి మిరప పూలు కోసి, తెల్ల కాగితం మీద దులిపి, రాలిన పురుగుల్ని ఆల్కహాల్ సీసాలో వేసుకొచ్చి, స్లైడు చేసి మైక్రోస్కోపు కింద జాతి తేల్చాలి. పెద్ద యంత్రాలేం అక్కర్లేని పని. మన దగ్గర ఇలాంటి పనిలో చాలా భాగం కీటక శాస్త్రంలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసే పిల్లల చేతుల మీదుగానే సాగుతుంది. వాళ్ల పరిశోధనకు డబ్బు ఎంత వస్తోంది, ఎప్పుడు వస్తోంది అన్నది అందుకే అడగాల్సి వస్తోంది.

ముందు ఎంత అన్నది చూద్దాం. పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే యూజీసీ ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 31,000 నుంచి 37,000 రూపాయలకు పెరిగింది. సంతోషమే, కానీ అది తిండికీ గది అద్దెకూ. పరిశోధన ఖర్చుకిచ్చే కంటింజెన్సీ సైన్స్ విద్యార్థికి మొదటి రెండేళ్లు ఏడాదికి 12,000, ఆ తర్వాత 20,500. పత్తిలో గులాబీ రంగు పురుగు మీద థీసిస్ అనుకోండి. ఐదు ఊళ్లు, ఊరికి ఐదు లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసనున్న ఎర పెట్టి మగ రెక్కల పురుగుల్ని పట్టేవి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా వారానికోసారి వెళ్లి లెక్క తీయాలి. 20 వారాలు, ఐదు ఊళ్లు, మొత్తం 100 సార్లు. 12,000ను 100తో భాగిస్తే ఒక్కో ఊరికి పోయి రావడానికి 120 రూపాయలు. బస్సు దిగి ఆటో ఎక్కితే సరి. బుట్టలు, ఎరలు, సీసాలు ఇంకా లెక్కలోకే రాలేదు. ఫెలోషిప్ లేనివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, అమ్మానాన్నలే దాతలు.

నాలుగు వారాలకోసారి బుట్టలో ఎర మార్చాలి. 25 బుట్టలకు ఐదు విడతల్లో 125 ఎరలు. డబ్బు లేక ఒక విడత మానేస్తే వాసన చచ్చిపోయి బుట్టలో రెక్కల పురుగులు తగ్గుతాయి. పొలంలో పురుగు తగ్గిందని నోట్‌బుక్‌లో పడుతుంది. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగులు వరసగా మూడు రోజులు పడితే మందు కొట్టాలని మనం రైతుకు చెబుతాం. చచ్చిన ఎరతో ఆ సంఖ్య ఎప్పటికీ రాదు, కానీ కాయ పగలగొడితే గింజ దగ్గర పురుగు ఉంటుంది.

ఎప్పుడు అన్నది ఇంతకంటే పెద్ద చిక్కు. గ్రాంటు జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఖాతాలో పడుతుంది. మార్చి 31 లోగా ఖర్చు చేసి యూటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే వెనక్కి. అప్పటికి పత్తి ఏరడం అయిపోయి ఉంటుంది. చేసేది లేక ఎరలు కొని బీరువాలో పెడతారు. ఏప్రిల్, మే ఎండలకు అవి అక్కడే ఆవిరైపోతాయి. ప్యాకెట్ విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టినవే పనికొస్తాయి. ఎమ్మెస్సీలో మొదటి ఏడాది చాలావరకు కోర్సులకే సరి. పరిశోధనకు మిగిలేది ఒకే ఒక్క వానాకాలం. అది తప్పిందంటే థీసిస్‌ల లెక్క తగ్గదు, వాటిలోని పని మారిపోతుంది: పొలం వదిలి కుండీల్లో మొక్కలు పెంచుకుని ఏదో ఒక పట్టిక నింపడం.

తప్పంతా ఇచ్చేవాళ్లదే అంటే న్యాయం కాదు. మా పిల్లల దరఖాస్తుల్లో పాత పరిశోధనల సమీక్ష పది పేజీలుంటుంది, బడ్జెట్ మాత్రం ‘కెమికల్స్ – లక్ష’ అని ఒకే వరస. ఎంపిక చేసేవాళ్లు దేన్ని నమ్మాలి? లెక్క కింది నుంచి కట్టుకు రావాలి. 2018లో శివమొగ్గలో బయటపడి అదే ఏడాది మన మొక్కజొన్నలోకి వచ్చిన కత్తెర పురుగునే తీసుకుందాం. ఒక మందుకు నిరోధకత వచ్చిందో లేదో చూడాలంటే ఆరు మోతాదులు, మోతాదుకు మూడు సార్లు, సారికి పది లార్వాలు: 180. మందు తగలని పోలికకు మరో 30. మొత్తం 210, అన్నీ మూడో దశవే. ఐదు జిల్లాలైతే 1,050, మూడు మందులైతే 3,150. ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో చిన్న డబ్బా కావాలి. వాటికి వండి పెట్టే మేతలో శనగపిండి చవకే, గడ్డ కట్టించే అగర్‌కే డబ్బంతా పోతుంది. కాగిన మేతలో విటమిన్ సి వెంటనే కలిపితే పాడవుతుంది, కాస్త చల్లారనివ్వాలి. మధ్యలో పురుగుల్ని చంపే ఎన్‌పీవీ వైరస్ సోకిందా, లార్వాలు మెత్తబడి వరసగా పోతాయి. పోలిక గుంపులో చావులు 20 శాతం దాటితే ఆ పరీక్షంతా పారేసి మళ్లీ మొదలు. అందుకని వేరే గదిలో రెండో పెంపకం ఉండాలి, దాని ఖర్చూ బడ్జెట్లో ఉండాలి. ఇది రాసిన దరఖాస్తు చూస్తేనే ఈ పిల్లో పిల్లాడో పురుగును పెంచారని తెలిసిపోతుంది.

బంగారు పతకాలు, ఉత్తమ థీసిస్ అవార్డులు ఉండాల్సిందే. అమెరికా ఎంటమలాజికల్ సొసైటీ ఇచ్చే జాన్ హెన్రీ కామ్‌స్టాక్ అవార్డుకు అంతర్జాతీయ శాఖ నుంచీ విద్యార్థుల్ని ఎంపిక చేస్తారు, మనవాళ్లు ప్రయత్నించాలి. అయితే అవార్డు పని అయ్యాక వచ్చేది. పతకం పెట్టి ఎర కొనలేం. పని మొదట్లోనే చేతిలో పడే చిన్న మొత్తానికి మంచి నమూనా ఆర్థాప్టరిస్టుల సొసైటీ నడిపే థియోడర్ కోన్ నిధి. మిడతలు, కీచురాళ్ల మీద పనిచేసే వాళ్లకు ఏ దేశమైనా సరే 1,500 డాలర్ల దాకా ఇస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటిదే ఒకటి పెట్టొచ్చు. విద్యార్థికి 50,000 రూపాయలు, రెండు పేజీల దరఖాస్తు, ఫిబ్రవరిలో గడువు, ఏప్రిల్‌లో ఎంపిక, మే 31 లోగా డబ్బు. ఊళ్లకు తిరిగే బస్సు, ఆటో ఖర్చును ఒప్పుకోవాలి. అది ఒప్పుకోకపోతే మిగతావన్నీ ఇచ్చినా గది దాటరు. కొత్త పథకానికి నిధుల్లేవంటే, ఇప్పుడున్న మంజూరు ఉత్తర్వుల్లోనే ఒక్క వాక్యం చేర్చండి: మే 31 తర్వాత విడుదలైన మొత్తాన్ని మరుసటి పంట కాలం ముగిసేదాకా వాడుకోవచ్చు అని. దానికి పైసా అదనంగా అక్కర్లేదు.

– కీటక శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు