జిల్లా కోర్టు ప్రొబేట్‌కు రాష్ట్ర సరిహద్దు అడ్డు కారాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పర్లాకిమిడిలో కాపురముంటూ పాతపట్నం వైపు పొలం ఉన్నవారు, బరంపురంలో ఇల్లు, ఇచ్ఛాపురం దగ్గర కొబ్బరితోట ఉన్నవారు మా గజపతి, గంజాం జిల్లాల తెలుగువారిలో ఎందరో. 1936లో ఒడిశా ఏర్పడి ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయినప్పుడు గీసిన హద్దు ఎవరి ఆస్తులనూ చూసి గీసింది కాదు. ఇంటిపెద్ద వీలునామా రాసి కాలం చేసినప్పుడు ఆ హద్దు బరువు వారసుల మీద పడుతుంది.

ప్రొబేట్, అంటే వీలునామా అసలుదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి అన్న భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్ హిందువుల విషయంలో పాత బెంగాల్ పాలనలోని ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి నగరాలకు ఉద్దేశించినది కనుక మా వైపు ఆస్తులకు అది వర్తించేది కాదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్‌నే తొలగించింది. దాంతో చిక్కులన్నీ తీరాయనుకోవడం తొందరపాటే. వారసుల్లో ఒకరు సంతకం దొంగదని అన్నా, బ్యాంకువారు కోర్టు ఉత్తర్వు తెమ్మన్నా ప్రొబేట్ కోసం వెళ్ళక తప్పదు.

అసలు ఇబ్బంది అదే చట్టంలోని 273వ సెక్షన్‌తో వస్తోంది. జిల్లా జడ్జి ఇచ్చిన ప్రొబేట్ గాని, లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (మృతుని ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టేందుకు కోర్టు ఇచ్చే అధికారపత్రం) గాని సాధారణంగా ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. ఇతర రాష్ట్రాల్లో కూడా చెల్లాలంటే మృతుని స్థిరనివాసం ఆ జడ్జి పరిధిలో ఉండాలి, రాష్ట్రం వెలుపలి ఆస్తి విలువ పదివేల రూపాయలు మించదని ఆయన ధ్రువీకరించాలి. ఇది 1925 నాటి అంకె. నేడు ఆ సొమ్ముతో తోటకు కంచె కూడా వేయించలేము.

హైకోర్టు ఇచ్చే ప్రొబేట్ దేశమంతటా చెల్లుతుంది, నిజమే. కానీ నాలుగెకరాల రైతు కుటుంబం అందుకోసం కటక్ వెళ్ళి న్యాయవాదిని పెట్టుకోవాలా? ఒకచోట రుజువైన వీలునామా ధ్రువీకృత నకలుతో రెండో రాష్ట్రంలో లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ పొందే వీలు 228వ సెక్షన్‌లో ఉన్నా, మళ్ళీ పిటిషను, మళ్ళీ ఫీజు, మళ్ళీ వాయిదాలు. తగువులేని కుటుంబానికి కూడా ఈ శిక్ష ఎందుకో నాకు బోధపడదు.

ఇదే చట్టం కింద బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల కోసం జిల్లా జడ్జి ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం 380వ సెక్షన్ ప్రకారం దేశమంతటా చెల్లుతున్నది. సొమ్ము విషయంలో నమ్మిన జడ్జిని భూమి దగ్గరికి వచ్చేసరికి నమ్మకపోవడానికి కారణం కనబడదు. కంప్యూటర్లు లేని రోజుల్లో పక్క రాష్ట్రపు ఉత్తర్వు అసలుదో కాదో తేల్చుకోవడం కష్టమై ఉండవచ్చు. ఇప్పుడు జిల్లా కోర్టుల తీర్పులు ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

పదివేల పరిమితిని పూర్తిగా ఎత్తివేయాలని, కనీసం మృతుని నివాస జిల్లాలో జారీ అయిన ఉత్తర్వు దేశమంతటా చెల్లేలా 273వ సెక్షన్‌ను సవరించాలని కోరుతున్నాను. బరంపురం, శ్రీకాకుళం పార్లమెంటు సభ్యులిద్దరూ కలిసి ఈ విషయాన్ని కేంద్ర న్యాయశాఖ దృష్టికి తీసుకువెళ్ళాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.