కయాక్ సీటు కూడా చూసి పంపండి

సంపాదకులకు నమస్కారం. మొన్న ఆదివారం రుషికొండ దగ్గర అద్దె కయాక్‌లో (కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) గంటసేపు తిరిగేసరికి నడుము పట్టేసింది, కుడికాలు తొడ నుంచి పాదం దాకా తిమ్మిరెక్కి, ఒడ్డున దిగితే నిలబడలేకపోయాను. చూస్తే సీటు వెనక పట్టీ వదులై వేలాడుతోంది, పాదాలు ఆనించే మెట్లు నా కాళ్లకు అందనంత దూరంలో ఉన్నాయి. పాదాలకు ఆసరా లేకపోతే ఒళ్లు ముందుకు జారిపోతుంది, ఆ భారమంతా నడుము మీదే పడుతుంది. మోకాళ్లు కొంచెం వంగేలా మెట్లు జరిపి, పట్టీని నడుము కింది భాగానికి ఆనేలా బిగించి (మరీ పైకి ఉంటే లైఫ్ జాకెట్‌కు తగిలి తెడ్డు వేసేటప్పుడు ఒళ్లు తిరగదు), తొడల కింద నీరు పీల్చని ఫోమ్ ముక్క పెడితే ఎంతో తేడా తెలుస్తుంది. అద్దెకిచ్చేవాళ్లు లైఫ్ జాకెట్ చూసినట్టే ఇది కూడా చూసి పంపాలి, రెండు నిమిషాల పని.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం