లెక్క ఎవరు వేస్తున్నారమ్మా?

సోంపేట

చిరంజీవి అమ్మడికి నాన్న దీవెనలు.

రాత్రి ఫోన్లో నువ్వు అడిగిన రెండింటికీ అప్పుడే జవాబు చెప్పేద్దామనుకున్నాను. నీకు డ్యూటీ పిలుపు వచ్చింది, నాకూ మాట తెమల్లేదు. పైగా ఇలాంటివి ఫోన్లో మాట్లాడితే క్లాసు పీకినట్టు ఉంటుందని మీ అమ్మ అంటుంది. ఉత్తరంలో పీకినా అంతేననుకో, కాకపోతే తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు.

ముందు కవిటి నుంచి వచ్చిన ఆ పెద్దాయన సంగతి. కిడ్నీలు పాడైపోయి రక్తంలో క్రియాటినిన్ బాగా పెరిగిపోయింది, నేడో రేపో డయాలసిస్ తప్పదు. కొడుకు నిన్ను వరండాలో ఆపి, చేతులు జోడించి, "మా అయ్యకి సెప్పకండి డాట్రమ్మా, ఇంటే బెంగతోనే పోతాడు, గ్యాసని సెప్పండి" అన్నాడు. నీ తోటి హౌస్ సర్జన్లలో ఒకరు 'ఎక్కువమందికి ఏది మేలైతే అదే మంచి' అన్నారట, ఇంకొకరు 'అబద్ధం అబద్ధమే' అన్నారట. నేను కాలేజీలో సివిక్స్ చెప్పినన్నాళ్ళూ ఈ ఇద్దరూ నా క్లాసులో పోట్లాడుకుంటూనే ఉన్నారు. మొదటివాళ్ళది ఉపయోగితావాదం, ఇంగ్లీషు తత్వవేత్తలు బెంథామ్, మిల్‌ల దారి. రెండోవాళ్ళది కర్తవ్యవాదం, జర్మన్ తత్వవేత్త కాంట్ దారి.

కాంట్ ఎంత గట్టివాడంటే, ఒకణ్ణి చంపడానికి వచ్చినవాడు నీ గుమ్మంలో నిలబడి 'వాడు లోపల ఉన్నాడా' అని అడిగినా అబద్ధం చెప్పకూడదని 1797లో రాశాడు. ఆయన మీద నాకెంత గౌరవమున్నా ఇక్కడ మాత్రం వెంట నడవలేను. కానీ నీ గుమ్మంలో ఉన్నది హంతకుడు కాదు కదా. తన ఒంటికేమైందో తెలుసుకోవాలనుకుంటున్న మనిషి. దీనికి కాంట్ దాకా పోనక్కర్లేదు, వట్టి లాభనష్టాల లెక్క వేసినా ఆ అబద్ధం నిలవదు.

ఎలాగో చూడు. గ్యాసే అనుకున్న మనిషి ఇంటికెళ్ళి ఏం చేస్తాడు? మోకాళ్ళ నొప్పులకి ఆర్‌ఎంపీ ఇచ్చే బిళ్ళ వేసుకుంటూనే ఉంటాడు. మిగిలిన కాస్త కిడ్నీనీ అవి తినేస్తాయి. నీరసంగా ఉందని తోటలోంచి బొండాం కొట్టించుకుని తాగుతాడు. కిడ్నీ పాడైనవాడికి అందులోని పొటాషియం గుండెకే చేటని నాకన్నా నీకు బాగా తెలుసు. డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలు కలిపే ఫిస్టులాకి చెయ్యి ఇవ్వమంటే 'గ్యాసుకి చేతికి ఆపరేషనేటి' అని లేచి వెళ్ళిపోతాడు. ఇక వారానికి రెండు మూడుసార్లు, సారికి నాలుగేసి గంటలు మిషన్ మీద పడుకోబెట్టి, ఇది గ్యాసుకేనని ఎన్నాళ్ళు నమ్మిస్తారు? ఆ కుర్రాడు వేసిన లెక్కలో తండ్రి ఏడ్చే ఆ అయిదు నిమిషాలే ఉన్నాయి, తర్వాతి రోజులు లేవు.

అలాగని వార్డు మధ్యలో నిలబడి రిపోర్టు చదివేస్తే కర్తవ్యం తీరిపోయిందనుకోకు. పక్కన కూర్చుని, "పరీక్షల్లో వచ్చింది మీకే చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పమంటారా?" అని అడుగు. 'ఆడికే సెప్పు తల్లీ' అన్నాడా, అది ఆయన తీసుకున్న నిర్ణయం. ఆయన అడగకుండానే ఆయన తరఫున కొడుకు తీసుకున్నది వేరు.

నీ ఫ్రెండు ట్రాలీ బండి ఉదాహరణ చెప్పిందన్నావు. 1967లో ఫిలిప్పా ఫుట్ అనే ఆవిడ లేవనెత్తిన చిక్కు అది. అదుపు తప్పిన బండి ఒక పట్టా మీద అయిదుగురి మీదికి పోతోంది, ఇంకో పట్టా మీదికి మళ్ళిస్తే ఒక్కడే పోతాడు, ఏం చేస్తావని. పిల్లలకి పాఠం మొదలుపెట్టడానికి బాగుంటుంది గానీ, అందులో పట్టాల మీదున్న ఆరుగురిలో ఎవరినీ నోరు తెరిచి అడిగే వీల్లేదు. నీ వార్డులో ఉంది. అక్కడే ఆ కథ నీకు పనికిరాకుండా పోతుంది.

డయాలసిస్ చరిత్రలోనే ఇంతకన్నా పనికొచ్చే సంగతి ఒకటుంది. అమెరికాలో సియాటెల్ అనే ఊళ్ళో స్క్రిబ్నర్ అనే డాక్టరు 1960లో, చేతికి గొట్టం అమర్చి మళ్ళీ మళ్ళీ డయాలసిస్ చేసే ఏర్పాటు కనిపెట్టాడు. మిషన్లు కొన్నే, రోగులు చాలామంది. ఎవరికివ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. ఒక లాయరు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఇలా. వాళ్ళు చూసినవేంటో తెలుసా? పెళ్ళయిందా, పిల్లలెందరు, సంపాదన ఎంత, చర్చికి వెళ్తాడా లేదా. వాళ్ళు దుర్మార్గులేం కాదు, సమాజానికి ఎవరివల్ల ఎక్కువ లాభమో లెక్క వేద్దామనుకున్నారు. లెక్క పూర్తయ్యేసరికి తమలాంటి మనుషులే ఎక్కువ విలువైనవాళ్ళుగా తేలారు. 1962లో ఒక పత్రిక ఇది బయటపెట్టాక పెద్ద గొడవైంది. చివరికి ఆ చిక్కు తీరింది మంచి లెక్క దొరికి కాదు. 1972లో చట్టం తెచ్చి డయాలసిస్ ఖర్చులో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వమే భరించేలా చేశారు. అందుకే ఎవరైనా 'ఇద్దరిలో ఒకరికే' అంటే, ఆ ఒకటి రెండు ఎందుకు కాలేదని కూడా అడగాలి. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మన ఉద్దానంలో అడిగీ అడిగీ నోళ్ళు నొప్పెట్టాయి, అది వేరే సంగతి.

మన ఊరి బీలలో, ఆ చిత్తడి నేలలో, కరెంటు ప్లాంటు పెడతామన్న కథా ఇదే. కరెంటు రాష్ట్రమంతటికీ, పోయేది నాలుగు ఊళ్ళ చేపలూ పొలాలూ అన్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. లెక్కకి అందనివాళ్ళు చివరికి రోడ్డెక్కారు.

ఇక రెండోది. నన్ను నిద్ర పోనివ్వనిది ఇదే. నువ్వు చెప్పిన ఆ ఇంట్లో తమ్ముడికి కిడ్నీ కావాలి, అక్కది సరిపోయింది. మొగుడు వదిలేస్తే పుట్టింట్లో ఉంటోంది. ఇంట్లో అందరూ 'ఆడికి పెళ్ళాం పిల్లలున్నారు, దీనికెవరున్నారు' అంటున్నారు. చూశావా, సియాటెల్ కమిటీ ఆ ఇంటి అరుగు మీదే కూర్చుంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, తీసుకునేవాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ. ఇది ప్రేమ ఒక్కదానివల్లే జరుగుతోందంటే నేను నమ్మను. ఆమె నీతో ఒంటరిగా, "నాకు బయ్యమేస్తంది, వద్దంటే ఇంట్లో ఉండనివ్వరు" అంది. మీ సీనియరు 'ఆమె పనికిరాదని రాసేద్దాం' అన్నారు. అది అబద్ధం కాదా అని నీ ప్రశ్న.

ఉపయోగితావాదం పేరుతో ఆ ఇంట్లోవాళ్ళు వేసిన లెక్క బెంథామ్‌కే నచ్చదు. ప్రతి మనిషీ ఒక్కరుగానే లెక్క, ఎవరూ ఒకరికన్నా ఎక్కువ కాదన్నది ఆయన సూత్రమని మిల్ రాశాడు. ఇక్కడ అక్క అరమనిషి అయిపోయింది. కాంట్‌నైతే అడగనే అక్కర్లేదు, ఇంకొకరి నోట్లో పెట్టడానికి పన్ను అమ్ముకోవడం, ఊరికే ఇవ్వడం కూడా తప్పన్నవాడాయన. నేను అంత దూరం పోను. ఇష్టపడి ఇస్తే అంతకన్నా గొప్ప పని లేదు.

కాబట్టి ఆమెకి లేని జబ్బు కాగితం మీద రాయొద్దు. మన వైపు కిడ్నీ తేడా అని ఒకసారి రాస్తే ఆ ముద్ర జన్మలో పోదు. 'పరీక్షలన్నీ చూశాం, ఈమె దాతగా కుదరదు, వివరాలు బయటికి చెప్పం' అంటే చాలు. అది నిజమే కదా. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం దాత తనంతట తాను ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు, కాబట్టి కుదరదు. అబద్ధమాడకపోవడం వేరు, ఉన్నదంతా చెప్పెయ్యడం వేరని కాంటే ఒప్పుకుంటాడు.

అయితే ఇందులో నష్టం లేదని మాత్రం నీకు నువ్వు చెప్పుకోకు. ఆ తమ్ముడు మిషన్ మీదే ఉంటాడు, చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం వరసలో నిలబడతాడు, ఆ వరస ఎంత పొడుగో నీకు తెలుసు. మనం నియమం పాటించాం, ఖరీదు అతను కడుతున్నాడు. అతని పేరు ఆ జాబితాలో ఎక్కిందో లేదో వారం వారం చూడటం కూడా నీ పనే.

ఇంకో మాట. ఆమెనొక్కదాన్నే లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడితే, బయట కూర్చున్నవాళ్ళకి అర్థమైపోతుంది. తల్లినీ, తమ్ముడినీ, మరదలినీ కూడా ఒక్కొక్కరినే పిలిచి, అంతంతసేపూ కూర్చోబెట్టండి. మీ సీనియరు ఏమన్నారో రాయి. నా మాట తప్పనిపిస్తే అదీ రాయి.

మీ నాన్న